ఆరు బస్తాల బియ్యమా, గంట ఇంధనమా: కొండల్లో సరుకు విమానం నడిపే కొత్త పైలట్ లెక్క

2024 మార్చి 18న కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వైమానిక దళం అత్యవసర ల్యాండింగ్ విన్యాసం చేసింది. సుఖోయ్‌లు, హాక్‌లు రోడ్డుకు దగ్గరగా దిగి వచ్చి మళ్లీ పైకి లేచిపోయాయి. చక్రాలు ఆనించి, దిగి, తిరిగి ఎగిరినవి ఏఎన్-32, డోర్నియర్ విమానాలు. ఇలాంటి చోట చూపు సహజంగా యుద్ధ విమానాల మీదికే పోతుంది. కానీ దిగిన ఆ రెండూ సరుకు మోసే విమానాలు. అరుణాచల్‌లో రోడ్డు సరిగా లేని లోయలకు బియ్యం, కిరోసిన్, మందులు చేరేది ఇలాంటి వాటితోనే.

కొరిశపాడు దగ్గర ఆ రోడ్డు రన్‌వే 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. చుట్టూ చదునైన నేల. నేపాల్‌లో ఎవరెస్టు దారిలో ఉన్న లుక్లా విమానాశ్రయం రన్‌వే పొడవు 527 మీటర్లు. అంటే మన రోడ్డులో ఎనిమిదో వంతు. పైగా అది 2,845 మీటర్ల ఎత్తున ఉంది. రన్‌వే ఒక కొస నుంచి ఇంకో కొసకు దాదాపు 60 మీటర్లు ఎత్తు పెరుగుతుంది. దిగువ కొసన లోయ, ఎగువ కొసన కొండ. దిగడం లోయ వైపు నుంచే, ఎగరడం లోయ వైపుకే. చివరి ఘట్టంలో మనసు మార్చుకుని మళ్లీ చుట్టు తిరిగి వద్దామంటే ఎదురుగా కొండ ఉంటుంది. 2017 మే 27న అక్కడ ఒక సరుకు విమానం మబ్బులో రన్‌వే అందక కిందనే కొండను తాకింది. ఇద్దరు పైలట్లు చనిపోయారు.

విమానం నడపాలని కలగనే పిల్లలు మన కావలిలో, కనిగిరిలో, కందుకూరులో ఉన్నారు. వాళ్ల కలలో కనిపించేది పెద్ద ఎయిర్‌బస్, తెల్లటి చొక్కా, భుజాన చారలు. కొండల్లో చిన్న సరుకు విమానం నడిపే ఉద్యోగం ఒకటి ఉందని, చాలా దేశాల్లో పైలట్ బతుకు మొదలయ్యేది అక్కడేనని తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా దాన్ని సాహసంగానే చూస్తారు. ఆ పనిలో అసలు కష్టం ఆకాశంలో కంటే నేల మీద, కాటా దగ్గర ఉంటుంది.

అమెరికాలో ఫెడెక్స్ పార్శిళ్లు పెద్ద నగరాల దాకా జెట్‌లలో వస్తాయి. అక్కడి నుంచి చిన్న ఊళ్లకు సెస్నా కారవాన్ లాంటి విమానాల్లో వెళ్తాయి. ఆ విమానాల్లో చాలావాటి సొంతదారు ఫెడెక్సే. నడిపేది మాత్రం చిన్న కంపెనీలు. మోంటానా, ఐడహో లాంటి కొండ రాష్ట్రాల్లో పైలట్ తెల్లవారకముందే బయలుదేరి, ఒక చిన్న ఊళ్లో సరుకు దించి, పగలంతా అక్కడే గడిపి, సాయంత్రం తిరుగు సరుకుతో వెనక్కి వస్తాడు. చాలాసార్లు విమానంలో ఒక్కడే. పెట్టెలు ఎక్కించేది, వల బిగించేది, రెక్కల మీద మంచు తుడిచేది, వాతావరణం చూసుకునేది అన్నీ అతనే. ఎయిర్‌బస్‌లో పదిమంది పంచుకునే పని ఇక్కడ ఒక్కడి నెత్తిన పడుతుంది.

ఇండోనేసియాలోని పపువాది ఇంకో కథ. అక్కడ నడికొండల్లో ఊళ్లకు రోడ్డు లేక బియ్యం, నూడుల్స్, డీజిల్ పీపాలు, సిమెంటు, రేకులు అన్నీ విమానంలోనే వెళ్లాలి. అక్కడ పేరున్న కంపెనీ సూసి ఎయిర్. దాన్ని స్థాపించిన సూసి పుడ్జియాస్తుతి చేపలు, రొయ్యల వ్యాపారి. పట్టిన లాబ్‌స్టర్లు చచ్చిపోకముందే జకార్తా చేర్చాలని ఆమె సెస్నా కారవాన్‌లు కొన్నారు. అంతలో 2004 డిసెంబరు 26 సునామీ వచ్చింది. మన తీరాన్నీ కుదిపేసిన ఆ సునామీకి సుమత్రాలో రోడ్లు తెగిపోతే ఆమె విమానాలు సహాయ సామగ్రి మోశాయి. తర్వాత అదే ఒక విమాన సంస్థ అయింది. 2014 నుంచి 2019 దాకా ఆమె ఆ దేశ మత్స్యశాఖ మంత్రి కూడా. మన రొయ్యల రైతులకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. సరుకు పాడవకముందే చేర్చాలనే తొందర ఎంత ఒత్తిడి తెస్తుందో వాళ్లకు తెలుసు. ఆ తొందర కొండల్లోకి వెళ్లాక పైలట్ భుజాల మీదికి మారుతుంది.

ఇక లెక్కలోకి వద్దాం. సెస్నా గ్రాండ్ కారవాన్‌లో ఒక మోడల్ ఎగరడానికి అనుమతించిన గరిష్ఠ బరువు 3,969 కిలోలు. ఖాళీ విమానం, పైలట్, ఇంధనం, సరుకు అన్నీ కలిపి అంతే. ఒకే ఇంజను. గంటకు సుమారు 150 కిలోల ఇంధనం తాగుతుంది. మన కొట్లో అమ్మే 25 కిలోల బియ్యం బస్తాలతో కొలిస్తే సరిగ్గా ఆరు బస్తాలు. అంటే అవసరానికని ఒక గంట ఇంధనం అదనంగా పోయించుకుంటే, ఆరు బస్తాలు నేల మీద వదిలేయాలి.

ఆ దృశ్యం ఊహించడం కష్టం కాదు. తెల్లవారుజామున కాటా దగ్గర హమాలీలు నిలబడి ఉంటారు. సరుకు సొంతదారు వచ్చి ఇంకో ఆరు బస్తాలేగా అంటాడు. నిన్న వచ్చిన పైలట్ తీసుకెళ్లాడని కూడా అంటాడు. ఆకాశం తేటగా ఉంది. గమ్యం నలభై నిమిషాలు. ఆ గంట ఇంధనం ఈ రోజు వాడే పని ఉండదనే అనిపిస్తుంది. నూటికి తొంభై రోజులు అది నిజమే. మిగిలిన పది రోజుల్లో ఒకనాడు గమ్యం మీద మబ్బు కమ్ముకుని, వెనక్కి వస్తుంటే బయలుదేరిన చోటా మూసుకుపోయి, మూడో ఊరికి వెళ్లాల్సి వస్తుంది. అప్పుడు కావలసింది ఆ ఆరు బస్తాల చోటు.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే లారీ డ్రైవరుకూ, చీమకుర్తి నుంచి గ్రానైట్ రాయి మోసే డ్రైవరుకూ ఓవర్‌లోడ్ అంటే ఏమిటో తెలుసు. బండి ఎక్కకపోతే పక్కకు తీసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ఇంకో బండిని పిలిపించుకోవచ్చు. విమానానికి పక్కకు తీసే చోటు లేదు. బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉంది అన్నదీ ముఖ్యమే. ఎడ్లబండికి వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది; ముందు ఎక్కితే ఎద్దుల మెడ మీద పడుతుంది. విమానం తోక వైపు బరువెక్కితే ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది, పైలట్ చక్రం ఎంత ముందుకు నెట్టినా దిగిరాని స్థితి వస్తుంది. సరుకు మీద వల గట్టిగా బిగించకపోతే సరిగ్గా నేల వదిలే క్షణంలో పెట్టెలు వెనక్కి జారతాయి. అందుకే పెట్టె ఎక్కించిన చేతులే విమానం నడపడంలో ఒక మంచి ఉంది. ఆ బరువు ఎక్కడుందో అతనికి కళ్లారా తెలుసు.

కాటా లెక్క కుదిరినా గాలి లెక్క వేరే ఉంది. మే నెలలో నెల్లూరులో ఒక మధ్యాహ్నం 44 డిగ్రీలు ఉందనుకుందాం. విమానశాస్త్రం సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీలను ప్రమాణంగా తీసుకుంటుంది. దానికంటే ఒక్కో డిగ్రీ పెరిగితే గాలి సుమారు 120 అడుగుల ఎత్తున ఉన్నంత పలచబడుతుందని పైలట్ల బండలెక్క. 29 డిగ్రీలు ఎక్కువ కాబట్టి దాదాపు 3,500 అడుగులు. అంటే ఆ మధ్యాహ్నం నెల్లూరు నేల మీద నిలబడ్డ విమానానికి ఉదయగిరి దుర్గం నెత్తి కంటే కాస్త ఎత్తున నిలబడ్డట్టే. రెక్కకు పట్టు తక్కువ, ఇంజనుకు ఊపిరి తక్కువ, పరుగు ఎక్కువ. ఎత్తు పెరిగేకొద్దీ ఆ ప్రమాణ ఉష్ణోగ్రత తగ్గుతుంది; 10,682 అడుగుల ఎత్తున్న లేహ్‌లో అది సుమారు మైనస్ 6 డిగ్రీలు. అక్కడికి ఇదే లెక్క వేస్తే, వేసవిలో 25 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి 14,000 అడుగుల మీద ఉండే గాలిలా ఉంటుంది. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే వచ్చి పొద్దున్నే వెళ్లిపోవడానికి ఇదొక కారణం. మధ్యాహ్నం లేచే గాలులు రెండో కారణం.

ఆ గాలుల సంగతి మన జిల్లాల వాళ్లకు కొత్త కాదు. రోహిణి కార్తెలో పడమటి గాలి వీస్తే నెల్లూరు, ఒంగోలు ఎలా ఉడికిపోతాయో అందరికీ అనుభవమే. పడమటి నుంచి వచ్చే గాలి నల్లమల, వెలిగొండల మీదుగా ఇటు దిగుతుంది. దిగేకొద్దీ నొక్కుకుని, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 డిగ్రీలు వేడెక్కుతుంది. మనకు ఆ దిగే గాలి ఒంటికి వేడిగా తెలుస్తుంది. పైలట్‌కు అదే గాలి కిందికి తోసే బరువుగా తెలుస్తుంది. హిమాలయాలంత ఎత్తు కొండలకు గాలి చాటున, నిమిషానికి వెయ్యి అడుగులు దాటి కిందికి తోసే ప్రవాహాలు ఉంటాయి. ఆ ఎత్తున నిండా లోడు ఉన్న చిన్న విమానం నిమిషానికి కొన్ని వందల అడుగులకు మించి ఎక్కలేదు. ఇంజను పూర్తి శక్తితో ఎక్కుతూనే విమానం దిగిపోతుంది. అందుకే కొండ వరసను దాటేటప్పుడు దానికి నేరుగా ఎదురు వెళ్లరు. 45 డిగ్రీల వాలుగా వెళ్తారు. గాలి తోసేస్తే సగం మలుపుతోనే కిందికి పల్లం వైపు తప్పుకోవచ్చు.

లోయలో కూడా అంతే. కొత్తవాళ్లకు లోయ మధ్యలో పోవడం క్షేమమనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు ఒక పక్కకు హత్తుకుని పోతారు, వెనక్కి తిరగాలంటే లోయ వెడల్పు మొత్తం చేతిలో ఉండాలని. 100 నాట్ల (గంటకు సుమారు 185 కిలోమీటర్ల) వేగంతో, 30 డిగ్రీలు వాలి తిరిగితే వెనక్కి మళ్లడానికి సుమారు 940 మీటర్ల వెడల్పు కావాలి. 10,000 అడుగుల పలచటి గాలిలో వేగం చూపే మీటరు అదే 100 చూపిస్తున్నా అసలు వేగం 116 దాకా ఉంటుంది. అప్పుడు కావలసిన వెడల్పు 1,250 మీటర్లు దాటుతుంది. మీటరులో ముల్లు కదల్లేదు, కంటికి ఏ తేడా తెలియలేదు, కానీ మలుపు మూడోవంతు పెరిగిపోయింది. లోయ ఇరుకవుతుంటే ఇంకో రెండు నిమిషాలు చూద్దాం అనుకున్నవాడికి ఆ రెండు నిమిషాల తర్వాత తిరిగే చోటు ఉండదు.

మబ్బు వెనక కొండ ఉంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి ఐదుగురు మరణించారు. నడిపింది కొత్తవాళ్లు కాదు. ఒక ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వెలిగితే దాని సంగతి తేల్చుకోవడంలో పైలట్లిద్దరూ మునిగిపోయారని, ఆ నిమిషాల్లో ముందున్న వాతావరణం మీద దృష్టి తప్పిందని, ఉధృతంగా కిందికి తోసే గాలిలో చిక్కి హెలికాప్టర్ అదుపు తప్పిందని విచారణలో తేలింది. ఇద్దరు అనుభవజ్ఞులు ఉన్నచోటే ఇలా జరిగిందంటే, ఒంటరిగా, తక్కువ గంటలు ఎగిరిన అనుభవంతో, తెల్లవారుజామున లేచి వచ్చినవాడికి ఎంత అదనపు జాగ్రత్త కావాలో ఆలోచించాలి. హిమాలయాల దాకా వెళ్లకుండానే, మార్కాపురం నుంచి కనిపించే కొండలు నేర్పిన పాఠం అది.

ఇంత కష్టమైన పని తక్కువ అనుభవం ఉన్నవాళ్ల చేతికి ఎందుకు వస్తుంది? పైలట్ లోకంలో కూలీ రూపాయల్లో మాత్రమే ఉండదు, ఎగిరిన గంటల్లో ఉంటుంది. అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయాక నిబంధనలు బిగించారు. 2013 నుంచి ప్రయాణికుల విమాన సంస్థలో కో-పైలట్‌గా చేరాలన్నా సాధారణంగా 1,500 గంటలు ఉండాలి. చిన్న సరుకు విమానానికి కెప్టెన్‌గా కంటిచూపు మీద ఎగరడానికి 500 గంటలు, మబ్బుల్లో పరికరాల మీద ఎగరడానికి 1,200 గంటలు చాలు. మధ్యలో ఉన్న ఆ ఖాళీని నింపుకునే చోట్లలో సరుకు విమానం ఒకటి. పెద్ద ప్రయాణికుల సంస్థలకు గీసిన గీత ఈ చిన్న విమానాలకు లేదు. ఈ ఏర్పాటులో ఒక న్యాయం ఉంది, ఒక అన్యాయమూ ఉంది. పైలట్ ప్రాణం కూడా ప్రాణమే.

గంటలు కావలసినవాడు ట్రిప్పు రద్దు చేస్తే రెండు విధాల నష్టపోతాడు. ఆ రోజు లాగ్‌బుక్‌లో గంటలు పడవు. పనికిరాడనే పేరు వస్తుందేమో అన్న టెన్షన్ ఇంకొకటి. వద్దు అని చెప్పాల్సిన అవసరం ఎవరికి ఎక్కువో, చెప్పే ధైర్యం వాళ్లకే తక్కువ. ఈ రంగంలో భద్రత అంతా ఈ ముడి దగ్గరే ఉంది. నేల దగ్గరపడితే అరిచి చెప్పే పరికరాలు వచ్చాయి; అలాస్కాలో కనుమల దగ్గర కెమెరాలు పెట్టి బయలుదేరకముందే మబ్బు చూసుకునే వీలు కల్పించారు. అవి ఎంతో మేలు చేశాయి. అయినా కాటా దగ్గర ఆ ఆరు బస్తాల బేరానికి ఏ పరికరమూ జవాబు చెప్పదు.

మన దేశంలో ఈ మెట్టే దాదాపు లేదు. ఇక్కడ 200 గంటలకు కమర్షియల్ పైలట్ లైసెన్సు వస్తుంది. ఆ తర్వాత టైప్ రేటింగ్ (ఒక రకం విమానానికి ప్రత్యేక శిక్షణ) చేసి నేరుగా ఎయిర్‌బస్‌లోనో ఏటీఆర్‌లోనో కుడివైపు కో-పైలట్ సీటులో కూర్చోవచ్చు, ఖాళీ ఉంటే. సరుకు విమానాలు ఉన్నా అవి చెన్నైలో కనిపించే బ్లూడార్ట్ 757ల లాంటి పెద్దవి. ఖాళీ దొరకనివాళ్లే ఎక్కువ. లైసెన్సుకే 50 లక్షలు, ఆపైన అవుతుంది. మన జిల్లాల్లో ఆ డబ్బు ఎకరాలు అమ్మో, చెరువు తాకట్టు పెట్టో వచ్చిందై ఉంటుంది. నాన్న ఫోన్ చేసి ఉద్యోగం ఏమైంది రా అని అడిగిన ప్రతిసారీ ఆ పిల్లవాడికి ఎకరాలు గుర్తొస్తాయి. అలాంటివాడికి విదేశంలో కొండల్లో సరుకు విమానం ఉద్యోగం ఉందని ఎవరైనా అంటే చెవి అటే పోతుంది. అమెరికాలో శిక్షణ పొందినంత మాత్రాన అక్కడ ఉద్యోగం చేసే హక్కు రాదు. ఏ దేశంలో ఎగరాలన్నా ఆ దేశపు లైసెన్సో గుర్తింపో కావాలి, పని అనుమతి కావాలి. పపువా లాంటి చోట గాలితో పాటు తుపాకులనూ లెక్కలో వేసుకోవాలి: 2023 ఫిబ్రవరిలో ఒక కొండ రన్‌వే మీద వేర్పాటువాదులు పట్టుకున్న న్యూజిలాండ్ పైలట్ 2024 సెప్టెంబరుకు గానీ విడుదల కాలేదు. ఇంకా కొన్నిచోట్ల గంటలు అమ్ముతారు. పైలట్ ఎదురు డబ్బు కట్టి ఉద్యోగంలాంటిది చేయడం. డబ్బు కట్టి ఆ సీటులో కూర్చున్నవాడు వద్దు అనే మాట ఇంకెక్కడ అంటాడు? దాని జోలికి పోకపోవడమే మంచిది.

కొండల్లో సరుకు విమానమే నడపాలని నిజంగా మనసున్న పిల్లలకు ఇక్కడే ఒక దారి ఉంది, దానికి ఎకరం కూడా అమ్మనక్కర్లేదు. ఈ దేశంలో ఆ పని పెద్ద ఎత్తున చేసేది వైమానిక దళమే. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉన్న డిగ్రీవాళ్లు వైమానిక దళ ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాయవచ్చు. ఫ్లయింగ్ శాఖకు వయసు 20 నుంచి 24. చేతిలో కమర్షియల్ లైసెన్సు ఉంటే 26 దాకా సడలింపు ఉంది. శిక్షణ మన దుండిగల్ అకాడమీలో మొదలవుతుంది. చేరాక ఏ రకం విమానం వస్తుందో చేతిలో ఉండదు, ఆ మాట ముందే తెలుసుకోవాలి. ప్రమాదం అక్కడా ఉంది: 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకా వెళ్తున్న ఏఎన్-32 అరుణాచల్ కొండల్లో కూలి 13 మంది చనిపోయారు. తేడా ఒక్కటే. అక్కడ కొత్త పైలట్ పక్కన పాత పైలట్ కూర్చుంటాడు. కొండను ఒక్కో కనుమగా పరిచయం చేస్తాడు. లుక్లాలో కూడా ఎడమవైపు కెప్టెన్ సీటు కొత్తవాడికి ఇవ్వరు. అలాంటి పొట్టి రన్‌వేల అనుభవం ఉండి, తెలిసినవాడి పక్కన కూర్చుని పలుమార్లు దిగినవాడికే ఇస్తారు.

విదేశంలోనైనా, ఇక్కడ కారవాన్‌లో, డోర్నియర్‌లో చిన్న ఊళ్లకు నడిపే సంస్థల్లోనైనా ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లవాడు జీతం సంగతి ఎలాగూ అడుగుతాడు. దాంతో పాటు, కిందటేడు వాతావరణం బాగాలేక ఎన్ని ట్రిప్పులు ఆపేశారని అడగాలి. ఆపిన పైలట్‌తో మర్నాడు ఎవరు, ఏమని మాట్లాడారని అడగాలి. సరుకు తూచే కాటా ఎవరి చేతిలో ఉంటుందో, మొదటి ఎన్ని ట్రిప్పులు పాత కెప్టెన్ పక్కన ఉంటాడో అడగాలి. వీలుంటే ఆ సంస్థలో పనిచేసి బయటికి వచ్చిన పైలట్‌ను టీకి పిలిచి ఇవే అడగాలి. మొత్తం ఏడాదిలో ఒక్క ట్రిప్పూ ఆపలేదని గొప్పగా చెప్పే చోటు నుంచి ఇంటికి బస్సెక్కడం మేలు.